ఆకు రాలాక పూసే పొద

పాండ్స్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది పౌడరు డబ్బా. ఆ తర్వాతే క్రీములు. అయితే ఆ పేరు మీద మొట్టమొదట అమ్మిన సరుకు పౌడరూ కాదు, క్రీమూ కాదు. అమెరికా తూర్పు అడవుల్లో పెరిగే ఒక పొద నుంచి తీసిన మందునీళ్లు. 1846లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికా పట్టణంలో థెరాన్ పాండ్ అనే ఆయన వాటిని అమ్మకానికి పెట్టాడు. ఆ పొద గుణం ఆయనకు తెలిసింది ఆ చుట్టుపక్కల ఉండే ఒనైడా మూలవాసుల దగ్గర. కాలిన చోట, కోసుకున్న చోట, వాపుల మీద, మొలల మీద జనం ఆ నీళ్లు అద్దుకునేవారు. ‘పాండ్స్ ఎక్స్‌ట్రాక్ట్’ పేరు దేశమంతా పాకిన చాలా ఏళ్లకు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, కంపెనీ ముఖానికి రాసుకునే క్రీముల వైపు మళ్లింది. మందునీళ్లు మరుగున పడ్డాయి. పేరు మాత్రం మిగిలి మన అద్దాల బల్లల దాకా వచ్చింది.

ఆ పొద పేరు విచ్ హేజెల్. శాస్త్రీయ నామం హమామెలిస్ వర్జీనియానా. పేరులో ‘విచ్’ ఉన్నా మంత్రగత్తెలతో దీనికి పనిలేదు. కొమ్మలు తేలిగ్గా వంగుతాయని చెప్పే పాత ఇంగ్లీషు మాట అది. హేజెల్‌నట్ కాసే చెట్టుకూ దీనికీ బంధుత్వం లేదు, ఆకుల పోలిక తప్ప. కెనడాలోని నోవా స్కోషియా నుంచి దక్షిణాన ఫ్లోరిడా దాకా, పడమరన గ్రేట్ లేక్స్ ప్రాంతం దాకా, ఓక్, మేపుల్ లాంటి పెద్ద చెట్ల నీడన ఇది పెరుగుతుంది. మామూలుగా 3 నుంచి 6 మీటర్ల ఎత్తు. ఒకే మాను కాకుండా మొదలు నుంచే నాలుగైదు కొమ్మలు వంకరటింకరగా పైకి లేస్తాయి. ఆకు అంచులు అలలు తిరిగి ఉంటాయి. కాడ దగ్గర ఆకు రెండు సగాలూ సమానంగా మొదలవవు, ఒకటి కాస్త కిందకు దిగి ఉంటుంది. ఎండాకాలంలో దాని పక్కనుంచి నడిచినవాళ్లు తల తిప్పి చూడాల్సిన పని కూడా ఉండదు.

అక్టోబరు వచ్చాక కథ వేరు. అడవంతా ఎర్రగా, పసుపుగా మారి ఆకులు రాల్చే వేళకు ఈ పొద మొగ్గ విప్పుతుంది. దాని ఆకులూ పసుపు తిరిగి రాలిపోతాయి, ఉత్త కొమ్మల మీద పూలు బయటపడతాయి. ఒక్కో పువ్వుకు నాలుగు రేకులు. రేకంటే మనకు తెలిసిన వెడల్పాటి రేకు కాదు, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున్న సన్నని పసుపుపచ్చ పట్టీ. నలిగి, మెలి తిరిగి ఉంటుంది. మొగ్గలో ఆ పట్టీలు చుట్ట చుట్టుకుని ఉంటాయి. ఎండ కాస్తే విచ్చుకుంటాయి, చలి బిగిస్తే మళ్లీ ముడుచుకుంటాయి. రాత్రి మంచు పడినా పువ్వు చావదు. నవంబరు దాకా, కొన్ని చోట్ల డిసెంబరు దాకా, చుట్టూ ఏ పువ్వూ లేని అడవిలో ఇదొక్కటే పూసి ఉంటుంది.

పువ్వు పూసేది పుప్పొడి మోసేవాళ్ల కోసం. తేనెటీగలు గూళ్లలోకి చేరిపోయాక, సీతాకోకచిలుకలు మాయమయ్యాక, ఎవరి కోసం ఈ పూత? ఈ ప్రశ్న వృక్షశాస్త్రజ్ఞులను చాలాకాలం వెంటాడింది. దానికి అందమైన జవాబొకటి వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జీవశాస్త్రవేత్త బెర్న్డ్ హైన్రిక్ నుంచి వచ్చింది. ఆయన పరిశీలించినవి చలికాలంలో తిరిగే కొన్ని శలభాలు. పగలంతా రాలిన ఆకుల కింద దాక్కుంటాయి. రాత్రి గాలి గడ్డకట్టే చలికి దగ్గరపడినా ఎగరగలవు. ఎగిరే ముందు రెక్కలు ఆడించకుండా వాటిని ఆడించే కండరాలను మాత్రమే వణికిస్తాయి. ఆ వణుకుతో ఒళ్లు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వేడెక్కుతుంది. రొమ్ము భాగాన్ని కప్పిన దట్టమైన నూగు ఆ వేడిని బయటికి పోనివ్వదు. పొట్టలోకి వెళ్లే రక్తం వేడిని ముందే వదిలేసి వెళ్లేలా లోపలి నాళాల అమరిక కూడా ఉంటుంది. ఇంత ఖర్చుతో ఎగిరే పురుగుకు తీపి కావాలి. ఆ కాలంలో అడవిలో దొరికే కొద్దిపాటి తీపిలో ఈ పొద పూల తేనె ఒకటి.

కానీ కథ అక్కడితో ముగియలేదు. కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ ఆండర్సన్, జేమ్స్ హిల్ ఈ పూల దగ్గర కాపు కాసి 2002లో తమ ఫలితాలు ప్రచురించారు. పగటి వేళ కాస్త ఎండ వచ్చినప్పుడు తిరిగే చిన్న చిన్న ఈగలు, ఇతర పురుగులు ఈ పూల మీద వాలడం వాళ్లకు కనబడింది. ఒక పొద పుప్పొడి అదే పొద పూలకు పనికిరాదనీ తేలింది. వేరే పొద నుంచి రావాల్సిందే. దానికి తోడు చలి, తక్కువ పురుగులు. అందుకే కొమ్మ నిండా పూసినా నూరు పూలకు ఒక్కటి కాయగా మారడం కూడా కష్టమే. చలిని ఓడించే శలభం కథ మనసుకు పట్టేస్తుంది కాబట్టి చాలామంది రచయితలు అక్కడే ఆగిపోతారు. నాకు ఈగల కథా అంతే ఇష్టం. బలహీనమైన ఎండలో, ఎప్పుడో ఒకసారి వచ్చే బుల్లి ఈగ మీద భరోసా పెట్టుకుని ఒక జాతి లక్షల ఏళ్లు బతికొచ్చిందంటే అది తక్కువ సంగతి కాదు.

పుప్పొడి పువ్వును చేరాక కూడా తొందరేమీ లేదు. పుప్పొడి రేణువు నుంచి సన్నని నాళం ఒకటి అండం వైపు పెరగడం మొదలుపెడుతుంది. ఇంతలో అసలైన చలికాలం వచ్చేస్తుంది, ఆ పెరుగుదల మధ్యలో నిలిచిపోతుంది. మంచు కప్పిన కొమ్మలో ఆ నాళం నెలల తరబడి ఆగి ఉంటుంది. మళ్లీ వసంతం వచ్చి వెచ్చబడ్డాక, మే నెలలో ఫలదీకరణ జరుగుతుంది. అంటే పరాగ సంపర్కానికీ ఫలదీకరణకూ మధ్య అయిదు నుంచి ఏడు నెలల ఎడం. ఆ తర్వాత ఎండాకాలమంతా కాయ ఊరుతుంది. అది పండి ఎండేసరికి మళ్లీ అక్టోబరు, కొమ్మ మీద కొత్త పూలు. ఈ ఏటి పువ్వూ, పోయినేటి పువ్వు కాయా ఒకే కొమ్మ మీద పక్కపక్కన కనబడతాయి. నేల మీద పడ్డ గింజ కూడా మరుసటి వసంతంలో మొలకెత్తదు. సాధారణంగా రెండు చలికాలాలు దాటాలి. 2020 అక్టోబరులో పూసిన పువ్వు గింజ 2021 అక్టోబరులో రాలితే, మొలక చూడాలంటే 2023 వసంతం దాకా ఆగాల్సిందే.

రాలితే అన్నాను గానీ ఈ గింజ రాలదు, పేలుతుంది.

కాయ సెంటీమీటరున్నర లోపే, గట్టిగా కొయ్యలా ఉంటుంది. లోపల రెండు అరలు, అరకొక నున్నటి నల్ల గింజ. కాయ ఎండేకొద్దీ పైకొన చీలి నోరు తెరుస్తుంది. అప్పుడు లోపలి గట్టి పొర ఇంకా ఆరుతూ, కుంచించుకుపోతూ గింజను రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. సపోటా పండు తిని ఆ నల్ల పిక్కను రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి చూడండి, జారి ఎక్కడికో ఎగిరిపోతుంది. ఇక్కడ జరిగేదీ అదే. నొక్కుడు బలం గింజను పట్టి ఉంచిన రాపిడిని మించగానే టప్పున శబ్దంతో గింజ బయటికి దూసుకుపోతుంది. పది మీటర్ల దూరం దాకా వెళ్లి పడుతుంది. మన పిల్లలు నీళ్లలో వేసి పేల్చే చిటపట కాయలు తడి తగిలితే పగులుతాయి. ఇది ఆరితే పేలుతుంది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో ఈ కాయలను ఇంటికి తెచ్చి గదిలో పెట్టుకున్నాడు. రాత్రుళ్లు అవి పేలి గింజలు గదిలో అటూ ఇటూ ఎగరడాన్ని విని, చూసి రాసిపెట్టాడు.

థోరో చెవులతో విన్నదాన్ని ఈ కాలం వాళ్లు కెమెరాలతో కొలిచారు. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం బృందం 2019లో దీని చైనా బంధువు హమామెలిస్ మోలిస్ కాయలను అతివేగ కెమెరాల ముందు పెట్టింది. గింజ కదలడం మొదలైన అర మిల్లీసెకను లోపే బయటపడుతోంది. అత్యధిక వేగం సెకనుకు 12.3 మీటర్లు. అంతకంటే విశేషం, గింజ తన పొడవు అక్షం మీద గిరగిరా తిరుగుతూ పోతుంది, సెకనుకు 400 చుట్లకు పైగా. తుపాకీ గొట్టం లోపలి మెలికల వల్ల తూటా తిరిగినట్టే తిరగడం వల్ల గింజ దారి తప్పకుండా సూటిగా వెళుతుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ఇంకో చిక్కుముడి విప్పారు. విచ్ హేజెల్ రకాల్లో గింజల బరువు పదింతల దాకా తేడా ఉంటుంది. బరువైన గింజ నెమ్మదిగా, తేలికైనది వేగంగా పోవాలని మనం అనుకుంటాం. కొలిస్తే అన్నీ దాదాపు ఒకే వేగంతో వెళుతున్నాయి, సెకనుకు 9 మీటర్ల చుట్టుపక్కల. పెద్ద గింజను మోసే కాయ పొర కూడా పెద్దదిగా ఉండి ఎక్కువ శక్తిని దాచుకుంటుంది, ఆ లెక్క ఈ లెక్కకు సరిపోతుంది. కండరం లేదు, నరం లేదు. ఎండుతున్న చెక్క ఇంత పని చేస్తోంది.

ఈ పొద ఆకుల మీద ఎండాకాలంలో కొస తేలిన చిన్న చిన్న శంకువులు కనిపిస్తాయి. చూసినవాళ్లు ఆకులో భాగమే అనుకుంటారు. ఆకే పెంచింది నిజమే గానీ తన కోసం కాదు. వసంతంలో లేతాకు విచ్చుకునేటప్పుడు ఒక పేనుబంక పురుగు వచ్చి ఆకును కుట్టి తన లాలాజలాన్ని ఎక్కిస్తుంది. అంతే, ఆ చోట ఆకు కణాలు దారి మార్చుకుని పురుగు చుట్టూ గోడ కడతాయి. ఆ గూట్లో కూర్చుని తల్లి పురుగు మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది. అడుగున ఉన్న రంధ్రం గుండా అవి బయటికొస్తాయి. ఇల్లూ తిండీ రెండూ చెట్టువే. ఒకే పొద మీద కొన్ని బుడిపెలు పచ్చగా, కొన్ని ఎర్రగా ఎందుకుంటాయి అన్నదాన్ని పట్టుకుని వర్జీనియాలోని జనేలియా పరిశోధన కేంద్రంలో ఐశ్వర్య కోర్గావ్‌కర్, డేవిడ్ స్టెర్న్ తదితరులు తవ్వుకుంటూ పోయారు. 2021లో ప్రచురించిన వాళ్ల ఫలితం ఇది: ఆ రంగును నిర్ణయించేది చెట్టు జన్యువు కాదు, పురుగు జన్యువు. ఆ జన్యువు వెంట వెళితే పేనుబంక లాలాజల గ్రంథుల్లో పనిచేసే ఒక పెద్ద కొత్త జన్యు కుటుంబమే బయటపడింది. దానికి వాళ్లు ‘బైసికిల్’ జన్యువులని పేరు పెట్టారు. ఒక పురుగు ఇంకో ప్రాణి ఒంట్లోని పెరుగుదలను తన అవసరానికి తిప్పుకోవడం ఎలా అన్న ప్రశ్నకు ఇంత దగ్గరి ఆధారం దొరికింది ఈ అడవి పొద ఆకు మీదే.

ఇక మనుషుల సంగతి. తెల్లవాళ్లు రాకముందే ఈ అడవుల మూలవాసులకు దీని బెరడు, కొమ్మలు, ఆకులు బాగా తెలుసు. పొటావాటమీలు చెమట పట్టించే గుడిసెల్లో కాల్చిన రాళ్ల మీద దీని కొమ్మలు వేసి, ఆ ఆవిరితో ఒళ్లు నొప్పులు పోగొట్టుకునేవారు. మెనామినీలు కొమ్మల కషాయాన్ని ఆటల్లో పాల్గొనేవాళ్ల కాళ్లకు రుద్దేవారు. ఒసేజ్ తెగవారు బెరడును చర్మం మీది పుండ్లకు వాడారు. పాండ్ అమ్మింది ఈ జ్ఞానాన్నే. లాభం ఎవరికి పోయిందో, పేరు ఎవరికి దక్కిందో మనకు తెలుసు. ఒనైడాల పేరు సీసా మీద మిగల్లేదు.

పాండ్ తర్వాత ఈ వ్యాపారాన్ని పెద్దది చేసినవాళ్లు కనెక్టికట్ రాష్ట్రం వాళ్లు. థామస్ డికిన్సన్ 1866లో ఎసెక్స్ అనే ఊళ్లో బట్టీ పెట్టాడు. ఇవాళ్టికీ అదే రాష్ట్రంలోని ఈస్ట్ హాంప్టన్ పట్టణం ఈ సరుకుకు ముఖ్య కేంద్రం. దీన్ని తోటలేసి పండించరు. ఆకులు రాలాక, చలికాలంలో, అడవుల్లో తిరిగి కొమ్మలు నరికి తెచ్చే స్థానికులు ఉంటారు. మొదలు బతికే ఉంటుంది కాబట్టి పిలకలు వేసి కొన్నేళ్లలో మళ్లీ కోతకు వస్తుంది. తెచ్చిన కొమ్మలను ముక్కలు కొట్టి, పెద్ద పాత్రల్లో గంటల తరబడి ఆవిరి పట్టిస్తారు. ఆ ఆవిరిని చల్లార్చి నీరుగా పట్టుకుని, చెడిపోకుండా నూటికి 14 పాళ్ల ఆల్కహాలు కలుపుతారు. అమెరికాలో మందుల దుకాణానికి వెళ్తే దొరికే సీసా ఇదే.

అసలు మెలిక ఈ సీసా దగ్గరే ఉంది. విచ్ హేజెల్ బెరడుకు మందుగుణం ఇచ్చేవి టానిన్లు. నేరేడు పండుకూ, పచ్చి అరటికాయకూ, వక్కకూ, కరక్కాయకూ వగరునిచ్చే పదార్థాలు కూడా ఇవే. వగరు తింటే నాలుక బిగుసుకున్నట్టు ఎందుకుంటుంది? టానిన్లు ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టుకుని గడ్డకట్టిస్తాయి, నోట్లో జారుడు పోతుంది. చర్మం మీద రాసినా అంతే. పైపైన ఉన్న ప్రోటీన్లు దగ్గరకు చేరి పలచని పొర కడుతుంది, నీరు కారడం తగ్గుతుంది, కణజాలం బిగుస్తుంది. దానిమ్మ తొక్కనూ నల్లతుమ్మ బెరడునూ కరక్కాయనూ మన పెద్దలు పుండ్లకూ చిగుళ్లకూ వాడింది ఈ గుణం వల్లే. విచ్ హేజెల్ బెరడులో హమామెలిటానిన్ అనే ప్రత్యేకమైన టానిన్ కూడా ఉంది. అయితే టానిన్ ఆవిరి కాదు. బెరడును నీళ్లలో మరిగించి కషాయం తీస్తే అందులోకి దిగుతుంది. ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లలోకి మాత్రం రాదు. అంటే దుకాణంలో అమ్మే స్వచ్ఛమైన, రంగులేని సీసా నీళ్లలో పొదకు పేరు తెచ్చిన పదార్థం దాదాపు లేనట్టే. ఉన్నవి ఆవిరితో పాటు ఎగిరివచ్చే కొద్దిపాటి సుగంధ పదార్థాలు, ఆపైన కలిపిన ఆల్కహాలు. ముఖానికి రాయగానే చల్లగా, బిగుతుగా అనిపించడంలో ఆరిపోయే ఆల్కహాలు వాటా పెద్దదేనని నా అభిప్రాయం. మూలవాసులు వాడింది కషాయం. బజారులో గెలిచింది బట్టీ నీళ్లు. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల ఒకదాని కీర్తి ఇంకోదానికి అంటింది.

అలాగని సీసాను పూర్తిగా కొట్టిపారేయడమూ న్యాయం కాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని డాక్టరు చీటీ లేకుండా కొనుక్కోదగ్గ పైపూత మందుగా, చిన్న చిన్న చర్మపు ఒరిపిళ్లకూ, పురుగు కాట్లకూ, మొలల మంటకూ ఒప్పుకుంది. అమెరికాలో కాన్పయిన మన తెలుగు ఆడపిల్లల్లో చాలామందికి ఈ నీళ్లలో తడిపిన మెత్తలు తెలిసే ఉంటాయి. కుట్లున్న చోట, మొలలున్న చోట చల్లగా హాయినిస్తాయని అక్కడి ఆసుపత్రుల్లో ఇస్తుంటారు. హాయినివ్వడం నిజం. జబ్బును నయం చేస్తుందా అంటే ఆధారం బలహీనం. 1995లో జర్మనీలో ఎగ్జిమా రోగుల మీద జరిగిన పరీక్షలో హమామెలిస్ క్రీమునూ, మందేమీ లేని ఉత్త క్రీమునూ, హైడ్రోకార్టిజోన్ క్రీమునూ పోల్చి చూశారు. హైడ్రోకార్టిజోన్ స్పష్టంగా మెరుగ్గా పనిచేసింది. హమామెలిస్ ఉత్త క్రీము కంటే మించలేదు. ఐరోపా మందుల సంస్థ కూడా దీన్ని చాలాకాలంగా వాడుకలో ఉన్న మూలికగా గుర్తించిందే గానీ, గట్టి పరీక్షల్లో నెగ్గిన మందుగా కాదు.

ఇప్పుడు మన దగ్గర అమ్మే మొటిమల టోనర్ల సీసాల మీద కూడా ఈ పేరు కనబడుతోంది. కొనేవాళ్లు వెనక చీటీ చదవాలి. పొడిచర్మం ఉన్నవాళ్లకు ఆల్కహాలు ఉన్న రకం ఇంకా ఎండగొడుతుంది, మంట పుట్టిస్తుంది. వాళ్లు ఆల్కహాలు లేనిది తీసుకోవాలి, లేదా మానుకోవాలి. పైపూతకు అమ్మేదాన్ని తాగకూడదు. మొలల్లో రక్తం పడుతుంటే మెత్తలతో రోజులు నెట్టకుండా డాక్టరుకు చూపించుకోవాలి. ఆ రక్తం మొలలదే అన్న గ్యారంటీ లేదు కాబట్టి.

ఈ పొదకు ఇంకో వాడుక ఉంది. దాని గురించి రాయకుండా ఉండలేను, అది మన రైతుల దాకా వచ్చే సంగతి. ఐరోపా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు దీని పంగలకర్రను రెండు చేతులతో పట్టుకుని పొలంలో నడిచేవారు. కర్ర కొస ఎక్కడ కిందికి వంగితే అక్కడ బావి తవ్వేవారు. రాయలసీమలో, తెలంగాణలో బోరు పాయింటు పెట్టేవాళ్లు వేపపుల్లతోనో, అరచేతిలో నిలబెట్టిన కొబ్బరికాయతోనో చేసేది ఇదే పని. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1917లోనే ఆర్థర్ ఎల్లిస్ చేత ఈ కర్ర విద్య చరిత్ర మొత్తాన్ని రాయించి, దీని మీద ఇంకా డబ్బు పోసి పరీక్షలు చేయడం దండగ అన్న అభిప్రాయానికి వచ్చింది. కర్రను వంచేది నీళ్లు కాదు. బిగించి పట్టుకున్న మణికట్టు తెలియకుండానే కాస్త కదిలితే చాలు, కొస వంగిపోతుంది. మరి అక్కడ అన్ని బావుల్లో నీళ్లెలా పడ్డాయి? వానలు మెండుగా పడే ఆ తూర్పు ప్రాంతంలో చాలాచోట్ల ఎక్కడ తవ్వినా కొంత లోతున నీరు తగులుతుంది. మన గ్రానైటు నేలలు అలా కావు. ఇక్కడ నీరు రాతి పగుళ్లలో, పైన చివికిన పొరలో మాత్రమే ఉంటుంది. పదడుగులు పక్కకు జరిగితే పొడి రాయి. అందువల్ల కర్ర నమ్మకం అక్కడ నష్టం లేకుండా గడిచిపోయింది, ఇక్కడ ఎండిన బోర్లుగా, తీరని అప్పులుగా మిగులుతోంది. నేలలోకి విద్యుత్తు పంపి రాతి నిరోధాన్ని కొలిచే సర్వేలున్నాయి. అవీ నూటికి నూరు పాళ్లు చెప్పలేవు. కానీ వాటి తప్పును కొలవొచ్చు, సరిదిద్దొచ్చు.

మన తెలుగు నేలల మీద విచ్ హేజెల్ పెరగదు. గింజ నిద్ర లేవడానికీ పొద తన ఏడాదిని లెక్కపెట్టుకోవడానికీ అసలైన చలి కావాలి. దాని కుటుంబం వాళ్లు మాత్రం మన దేశంలోనే ఉన్నారు. కశ్మీరు, హిమాచల్ కొండల్లో పెరిగే పారోటియాప్సిస్ అనే పొద ఈ కుటుంబానిదే. దాని వంగే కొమ్మలతో అక్కడివాళ్లు బుట్టలు అల్లుతారు. వాటినే మెలిపెట్టి తాళ్లుగా పేని, కొండ వాగుల మీద వేలాడే వంతెనలు కట్టేవారు. తూర్పు హిమాలయాల్లో, డార్జిలింగ్ వైపు, ఇదే కుటుంబానికి చెందిన ఎక్స్‌బక్‌లాండియా పెద్ద మానుగా ఎదుగుతుంది.

సొంత తమ్ముళ్లు, అంటే హమామెలిస్ రకాలు, అమెరికాలో, చైనాలో, జపాన్లో ఉన్నాయి. అమెరికాలోనే ఒజార్క్ కొండల్లో పెరిగే రకం అక్టోబరుకు బదులు జనవరి, ఫిబ్రవరి నెలల్లో పూస్తుంది. మిసిసిపీ రాష్ట్రంలో దొరికిన ఇంకో రకాన్ని 2006లో మాత్రమే కొత్త జాతిగా నమోదు చేశారు. ఇంతగా వాడుకలో ఉన్న కుటుంబంలో కూడా ఒక జాతి అప్పటిదాకా ఎవరి కంటా పడలేదు. తోటల్లో కనిపించేవి ఎక్కువగా చైనా, జపాన్ రకాల సంకరాలు. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్‌లో 1928లో చైనా రకం పొద నుంచి ఏరిన గింజలు మొలిచి పూశాక చూస్తే పక్కనున్న జపాన్ రకం పుప్పొడి వాటిలో కలిసిందని తెలిసింది. ఆ సంకరానికి 1945లో ఆల్ఫ్రెడ్ రేడర్ పేరు పెట్టాడు. అందులోంచి ఎంపిక చేసిన ‘ఆర్నాల్డ్ ప్రామిస్’ చలికాలం చివర దట్టంగా పసుపు పూస్తుంది. బెల్జియంలోని కాల్మ్‌తౌట్ తోటలో డి బెల్డర్ దంపతులు పెంచిన రకాలైతే రాగిరంగు ‘యెలెనా’, ఎరుపు ‘డయాన్’. మొదటిది ఇంటావిడ పేరు, రెండోది కూతురి పేరు.

న్యూజెర్సీలోనో బోస్టన్‌లోనో ఇంటి ముందు వీటిని నాటుకున్న తెలుగువాళ్లకు ఒక మాట. ఈ తోట రకాలను నర్సరీల్లో చాలాసార్లు అడవి రకం హమామెలిస్ వర్జీనియానా వేరు మీద అంటు కడతారు. అడవి వేరు బలమైనది, అంటు కింది నుంచి పిలకలు వేస్తూనే ఉంటుంది. వాటిని వదిలేస్తే నాలుగైదేళ్లలో పై కొమ్మలను మింగేస్తాయి. ఫిబ్రవరిలో ఎర్రగా పూయాల్సిన మీ మొక్క అక్టోబరులో పసుపు పూలు పూసిందంటే పూసింది మీరు కొన్నది కాదు, కింద వేరు. అంటు ముడి ఎక్కడుందో వేళ్లతో తడిమి చూసుకుని, దాని కిందనుంచి వచ్చిన పిలకను మొదలంటా తీసేయండి. కత్తెరతో పైపైన కోస్తే మళ్లీ రెండు లేస్తాయి.